సున్నం వేస్తే మరమ్మతు అయిపోయినట్టేనా?

సంపాదకుడు గారికి,

నలుగురైదుగురు కలిసి అద్దెకుండే ఇళ్లలో పాడైనవి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవడానికి డబ్బొక్కటే కారణం కాదు. 'మిగతావాళ్లు చెప్పే ఉంటారులే' అని ఎవరికి వారే ఊరుకుంటారు. చెప్పినా 'షాక్ కొడుతోంది', 'పైనుంచి కారుతోంది' అని ఫోన్లో ఒక ముక్క. పైకి కనిపించేది మాత్రమే చెబితే పడే మందు కూడా పైపూతే: టేపు, పుట్టీ, సున్నం. కరెంటు, పైపులు, తాపీ పనులు చేసే మేం కోరేదొకటే. ఏది, ఎక్కడ, ఏ వేళ పాడవుతోందో పట్టుకుని కాగితం మీద పెట్టండి.

ముందు కరెంటు. కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోందంటే చాలాసార్లు దోషం రెండుచోట్ల ఉంటుంది. గీజర్ ఎలిమెంట్ నుంచి కరెంటు లీకవుతోంది, దాన్ని భూమిలోకి తీసుకెళ్లాల్సిన ఎర్త్ తీగ ఎక్కడో తెగింది, లేదా అసలు కలపనే లేదు. గీజర్ మార్చి ఎర్త్‌ను వదిలేస్తే రేపు వాషింగ్ మెషీన్ కొడుతుంది. మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే లైను కట్ చేసే ఆర్‌సీసీబీ ఉందేమో చూడండి. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నొక్కగానే స్విచ్ టక్కున పడిపోవాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే. మనుషుల రక్షణకు పెట్టేది 30 మిల్లీఆంపియర్లది. 'ఎంసీబీ ఉందిగా' అనే జవాబుకు లొంగొద్దు. ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) కాపాడేది తీగని, మనిషిని కాదు. ప్రాణం తీయడానికి ఆంపియర్‌లో పదో వంతు చాలు, 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. ఇంకో సంగతి: టెస్ట్ బటన్ పనిచేసినంత మాత్రాన ఎర్తింగ్ బాగున్నట్టు కాదు. ఆ బటన్‌కు ఎర్త్‌తో పనే లేదు. ఎర్త్‌ను ఎలక్ట్రీషియన్ మీటరుతో విడిగా చూడాల్సిందే.

ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని పెద్దది బిగించడం ఈ రంగంలో మేం చూసే పనుల్లోకెల్లా చెడ్డది. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగకు 16 లేదా 20 ఆంపియర్ల ఎంసీబీ ఉండాలి. 32 పెడితే గోడ లోపల తీగే ముందు కాలుతుంది. 230 వోల్టుల దగ్గర 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు, 1500 వాట్ల ఇండక్షన్ స్టవ్ ఆరున్నర ఆంపియర్లు లాగుతాయి. ఈ రెంటిలో ఏదీ 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు మోసేది కాదు. అడగాల్సింది పెద్ద ఎంసీబీ కాదు, గీజర్‌కు వేరే లైను. ప్లగ్ పాయింట్ చుట్టూ గోధుమరంగు మచ్చ, ప్లాస్టిక్ మాడిన వాసన ఉంటే స్క్రూ వదులై వేడెక్కుతోందన్నమాట. ఆ పాయింట్‌ను ఆ రోజే వాడకం మానాలి.

గ్యాస్‌తో నడిచే గీజర్ బాత్రూం లోపల ఉంటే దాన్ని తీయించే దాకా వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వచ్చి, బయటికి వెళితే తగ్గుతుంటే అది జలుబో జ్వరమో అనుకోకూడదు. అందరూ బయటికి వచ్చాకే మిగతా మాట.

కారే నీరు ఎక్కడిదో చెప్పడానికి గడియారం చాలు. పైవాళ్లు నీళ్లు వాడకపోయినా రాత్రంతా చుక్కలు పడుతుంటే నీళ్లొచ్చే పైపు పోయింది. స్నానాలయ్యాకే పడితే మురుగు పైపో, నహాని ట్రాప్ (బాత్రూం నేలలో నీళ్లు పోయే జాలీ కింది గిన్నె) అతుకో. రెండూ తేలకపోతే పై బాత్రూం రంధ్రం మూసి ఒక అంగుళం నీరు 24 గంటలు నిలపమనండి. కింద చెమ్మ పెరిగితే నేలలో వాటర్‌ప్రూఫింగ్ పోయినట్టు. ఆ చెమ్మ ఫ్యాను, లైటు పాయింట్ల దగ్గరికి చేరితే ఆ లైను ఆపేయాలి.

శ్లాబు పెచ్చులు ఊడటం కూడా ఈ నీటి తర్వాతి కథే. ఊచకు పట్టిన తుప్పు, అది తినేసిన ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమించి, చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. దాని మీద సిమెంటు పామితే లోపల తుప్పు ఆగదు, పైన బరువు పెరుగుతుంది. ముందు నీరు ఆపాలి. తర్వాత గట్టి కాంక్రీటు తగిలేదాకా చెక్కి, ఊచ వెనక భాగం కూడా శుభ్రం చేసి, మరమ్మతు మోర్టారుతో పూడ్చాలి. కర్రతో తట్టితే డొల్లగా మోగే చోటు కింద మంచం వేయకండి. గోడ పగులైతే రెండు కొసల దగ్గరా పెన్సిల్ గీత, తేదీ. గీత దాటితే ఇంజనీరును పిలవాలి.

మెట్ల దారిలో బ్యాటరీ బండ్లకు ఛార్జింగ్, తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలియని గ్రిల్లు: మంట రేగితే బయటపడే దారిని మూసేసేవి ఇవే. ఈ రెంటికీ మేస్త్రీ అక్కర్లేదు, ఇంట్లో ఉన్నవాళ్లు చాలు.

ఇక యజమానికి రాసే ఉత్తరం. ఒక్కో దోషానికీ ఎక్కడ, ఎప్పటినుంచి, ఏం పరీక్షించారు, ఏ పని కావాలి, ఏ తేదీలోపు. షాక్, గ్యాస్, ఊడే పెచ్చులు 'వెంటనే' కింద రాయండి. రంగు, తలుపు గడియ అదే జాబితాలో కలిపితే యజమాని వాటితోనే మొదలుపెట్టి, చేశానంటారు. ఫొటోలు జతచేసి, ఒప్పందంలో పేరున్నా లేకపోయినా అందరూ సంతకం పెట్టి, అందినట్టు జవాబు తీసుకోండి. జవాబు రాకపోతే అదే కాగితం స్థానిక పురపాలక అధికారులకు వెళ్తుంది. అద్దె ఆపేయడం మాత్రం చట్టం తెలిసినవారిని అడగకుండా చేయొద్దు. చాలాచోట్ల బకాయి పడినవారిని ఖాళీ చేయించడమే సులువు.

పని అయ్యాక మేస్త్రీ ఉండగానే టెస్ట్ బటన్ నొక్కించండి, ఎర్త్ కొలిపించండి. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు వచ్చినప్పుడల్లా పాత ఫిర్యాదు వాళ్లతోనే పోతుంటుంది. గది తాళంతో పాటు ఆ కాగితం కూడా కొత్తగా వచ్చినవాళ్ల చేతికివ్వండి.

ఇట్లు,
ఇళ్ల మరమ్మతు పనివాళ్లం కొందరం