వేరే లూథరన్ చర్చిలో ప్రభువు బల్ల సంస్కారం తీసుకునే ముందు

అందరికీ వందనాలు. చెన్నైకి కొత్తగా వచ్చిన ఏఈఎల్‌సీ (ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) కుటుంబాలకు ఒక మాట. బోర్డు మీద లూథరన్ అని ఉన్నంత మాత్రాన ప్రభువు బల్ల పద్ధతి అన్నిచోట్లా ఒకటి కాదు. టీఈఎల్‌సీ (తమిళ ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) వెనక జర్మనీలోని లైప్‌జిగ్, స్వీడన్ మిషన్లున్నాయి. ఐఈఎల్‌సీ (ఇండియా ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) అమెరికాలోని లూథరన్ సంఘమైన మిస్సోరి సినడ్ మిషన్ నుంచి వచ్చింది; ఆ సినడ్ పద్ధతిలో బోధలో ఏకీభవించినవారికే సంస్కారం. దాన్ని అవమానంగా తీసుకోకండి, ప్రభువు శరీరమని వివేచించకుండా తిని తాగేవాడు తనకే శిక్ష తెచ్చుకుంటాడన్న 1 కొరింథీ 11:29ని వాళ్లు అంత గట్టిగా పట్టుకుంటారు. రొట్టె ద్రాక్షారసాలతో క్రీస్తు శరీరరక్తాలు నిజంగా అందుతాయన్న నమ్మకం (లూథరన్ల విశ్వాస ప్రకటన అయిన 1530 ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు, 10వ అంశం) మనకూ వాళ్లకూ ఒకటే.

శనివారంలోపే అక్కడి పాస్టరు గారికి ఫోన్ చేయండి. బాప్తిస్మం, కన్ఫర్మేషన్ తేదీలున్న సంఘ ఉత్తరం దగ్గర పెట్టుకోండి. మోకరించాక అడిగితే ఆయనకూ ఇబ్బందే. ఒకే గిన్నె అందిస్తే అడుగు పట్టుకుని మెల్లగా వంచుకోండి. అప్పాన్ని ద్రాక్షారసంలో ముంచి తీసుకునే చోట అంచు మాత్రమే తడపాలి, వేళ్లు రసంలో తగలకూడదు.