శ్రావణం గాజులు, హొర్ముజ్ సాకు

ముందు అసలు విషయం చెప్పేస్తాను. బెంగళూరు మల్లేశ్వరంలోని మా గాజుల కొట్లో చుక్కల కోత ఉన్న పచ్చగాజులూ, సన్న ఎర్రగాజులూ ఈ శ్రావణానికి అందరికీ సరిపడా లేవు. సీమంతాలకీ పెళ్ళిళ్ళకీ అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళ సెట్లు చెప్పిన రోజుకి, చెప్పిన ధరకే మీ చేతికొస్తాయి. అందులో అనుమానం పెట్టుకోకండి. వరలక్ష్మీ వ్రతం తాంబూలాల కోసం వందల్లో చెప్పినవాళ్ళకే ఇబ్బంది. డబ్బు వెనక్కి తీసుకుంటారో, బదులుగా సాదా మట్టిగాజులు తీసుకుంటారో ఈ వారంలో చెప్పండి. వ్రతం 2025 ఆగస్టు 8న. ఆఖరి నిమిషంలో చెబితే నేనేం చేయలేను.

"ఫిరోజాబాద్‌లో యుద్ధంతో వచ్చిన గ్యాస్ ఇబ్బంది వల్ల సరుకు ఆలస్యం" అని మన వాట్సాప్ గ్రూపులో పెట్టగానే హూడి నుంచి ఒకావిడ గట్టిగానే అడిగారు: "గాజులకీ గ్యాసుకీ ఏంటండీ సంబంధం? సరుకు లేకపోతే లేదని చెప్పండి, యుద్ధాలెందుకు మధ్యలో?" నాకూ అదే అనుమానం ఉండేది కాబట్టి కోపం రాలేదు. కానీ ఆ ప్రశ్నకి రెండు లైన్లలో జవాబు రాదు.

దేశంలో అమ్ముడయ్యే మట్టిగాజుల్లో ఎక్కువ భాగం ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్‌లో తయారవుతుంది. ఆగ్రా పక్కనే. ఒకప్పుడు అక్కడి కొలుములన్నీ బొగ్గు మీద నడిచేవి. ఆ పొగకి తాజ్‌మహల్ పాలరాయి పాడైపోతోందని కేసు నడిచి, 1996 డిసెంబర్ 30న సుప్రీంకోర్టు ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీలు బొగ్గు మానేసి సహజవాయువుకి మారాలనీ, లేకపోతే వేరే చోటికి వెళ్ళిపోవాలనీ తీర్పిచ్చింది. అప్పటి నుంచీ మన చేతికి వేసుకునే గాజు గ్యాస్ పైపు మీద ఆధారపడింది. గాజు కరిగించే కొలిమిని హోటల్ పొయ్యిలా రాత్రి కట్టేసి పొద్దున్న వెలిగించడం కుదరదు. చల్లారితే లోపలి కుండలు పగులుతాయి. అంటే ఆర్డర్లు ఉన్నా లేకపోయినా మంట మండుతూనే ఉండాలి, మీటరు తిరుగుతూనే ఉండాలి.

ఆ గ్యాస్‌లో కొంత మన దేశంలో తీసింది, కొంత ఓడల్లో వచ్చింది. మొత్తం దేశం లెక్క తీసినా వాడకంలో సుమారు సగం దిగుమతే. మా అమ్మమ్మ వాళ్ళది కోనసీమ. 1995లో పాసర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలి రెండు నెలలకు పైగా మండింది. ఆ మంటని దూరం నుంచి చూసినవాళ్ళెవరికైనా మన నేల కింద గ్యాస్‌కి కొదవేముంది అనిపిస్తుంది. 2009లో కృష్ణా గోదావరి సముద్రంలో డీ6 అనే గ్యాస్ క్షేత్రం మొదలైనప్పుడు కూడా అలాగే అనుకున్నాం. రెండేళ్ళు తిరక్కుండానే అది తగ్గుముఖం పట్టింది. మన దగ్గర తీసేదాంట్లో ఇంటి పొయ్యిలకీ, సీఎన్‌జీ బళ్ళకీ ముందు వాటా. ఫ్యాక్టరీలకి మిగిలేది ఎక్కువగా ఓడ గ్యాసే. మన బెంగళూరులో పైపు గ్యాస్ ఉన్న ఇళ్ళవాళ్ళకి బిల్లులో అంత కుదుపు కనిపించకపోవడానికి కారణం ఇదే. కుదుపంతా ఫ్యాక్టరీల మీద పడుతుంది.

ఓడ గ్యాస్ అంటే, గ్యాస్‌ని మైనస్ 162 డిగ్రీల దాకా చల్లబరిచి ద్రవం చేస్తారు. అప్పుడది ఆరువందలో వంతు జాగాలో ఇమిడిపోతుంది. 2024లో మనకి అది అన్నిటికంటే ఎక్కువ వచ్చింది ఖతార్ నుంచి. ఖతార్ ఓడ ఏదైనా ఇరాన్ పక్కనున్న హొర్ముజ్ జలసంధి అనే ఇరుకు సముద్రపు దారి దాటి రావాల్సిందే, ఇంకో దారి లేదు. ప్రపంచంలో ఓడలెక్కే గ్యాస్‌లో ఐదో వంతు ఆ ఏడాది ఆ సందులోంచే పోయింది.

ఇక మా సప్లయర్ సంగతి. పేరు రాయను. మా నాన్నగారి కాలం నుంచీ ఆ కుటుంబంతోనే వ్యాపారం. చుక్కల కోత డిజైన్ కాగితం మీద గీసి పంపింది నాన్నే. 2025 జూన్ 13న ఇజ్రాయెల్, ఇరాన్ మీద దాడి మొదలుపెట్టింది. 22న హొర్ముజ్ మూసేయాలని ఇరాన్ పార్లమెంట్ తీర్మానం చేసింది. మర్నాడే నాకు సేట్ నుంచి వాయిస్ మెసేజ్: "హొర్ముజ్ బంద్, గ్యాస్ మెహంగా, మాల్ నహీ." అంటే హొర్ముజ్ మూసేశారు, గ్యాస్ ఖరీదైంది, సరుకు లేదని. అడ్వాన్స్ గురించి ఒక్క ముక్క లేదు. నేను నమ్మాను. నమ్మే గ్రూపులో పెట్టాను.

తర్వాత కూర్చుని చూస్తే ఆ మాట నిలబడలేదు. హొర్ముజ్ అసలు మూతపడనే లేదు. 24వ తేదీకల్లా కాల్పుల విరమణ వచ్చేసింది. ముడి చమురు బ్యారెల్ 70 డాలర్ల లోపు నుంచి 80 దాకా ఎగబాకి, ఆ రోజే మళ్ళీ 70 కిందికి దిగింది. పైగా ఖతార్‌తో మనకున్నది ఏళ్ళ తరబడి సాగే ఒప్పందం. దాని ధర గడిచిన కొన్ని నెలల చమురు సగటు మీద కడతారు. ఈ వారం టీవీలో బాంబులు పడితే ఈ వారమే ఆ గ్యాస్ ధర పెరగదు. రోజువారీ మార్కెట్లో కొనే గ్యాస్ పెరుగుతుంది, నిజమే. కానీ నా సరుకు కొలిమిలోకి వెళ్ళాల్సింది మే నెలలో కదా?

అయినా సరే, చిన్న ఫ్యాక్టరీ, భయపడ్డాడేమో అని సర్దిచెప్పుకున్నాను. జులై మొదట్లో చిక్‌పేటలో ఒక హోల్‌సేల్ కొట్టుకి వేరే పని మీద వెళ్తే, బల్ల మీద విప్పిన తోడా (గాజుల కట్ట) ఒకటి కనిపించింది. గడ్డి, పాత హిందీ పేపరు, మధ్యలో పచ్చగాజులు. ఒకటి తీసి గోటితో అతుకు తడిమాను. మన డిజైన్‌లో అతుకు పక్కనే మొదటి చుక్క పడుతుంది, అతుకు కనపడకుండా ఉండాలని నాన్న పెట్టించిన ఏర్పాటు అది. చుక్క అక్కడే ఉంది. కొట్టువాణ్ణి ఎప్పుడొచ్చింది సరుకని అడిగితే జూన్ చివర్లో అన్నాడు. ధర నేను ఒప్పుకున్నదానికి మూడో వంతు ఎక్కువ.

గ్యాస్ లేక ఆగిన సరుకు కాదది. ఎక్కువిచ్చినవాడి దగ్గరికి వెళ్ళిన సరుకు.

అప్పుడు నాకు 2022 గుర్తొచ్చింది. రష్యా ఉక్రెయిన్ మీదికెళ్ళాక యూరప్‌కి పైపుల్లో వచ్చే గ్యాస్ తగ్గిపోయింది. వాళ్ళు ఓడల మీద పడ్డారు, ఎంతైనా ఇస్తామన్నారు. ఆ జులైలో పాకిస్తాన్ గ్యాస్ ఓడలకి టెండరు పిలిస్తే ఒక్కరంటే ఒక్కరు రాలేదు. బంగ్లాదేశ్ రోజువారీ మార్కెట్లో కొనలేక చేతులెత్తేసి కరెంటు కోతలు పెట్టింది. మన ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గెయిల్‌కే ఏమైందో చూడండి. 2012లో రష్యా గాజ్‌ప్రోమ్ వాళ్ళ కంపెనీతో ఇరవై ఏళ్ళ ఒప్పందం రాసుకుంది. 2018 నుంచి ఓడలొచ్చాయి. 2022లో ఆ కంపెనీ జర్మనీ ప్రభుత్వం చేతుల్లోకి పోయింది, మనకి రావాల్సిన ఓడలు ఆగిపోయాయి. ఎరువుల ఫ్యాక్టరీలకి కూడా గ్యాస్ కోత పెట్టాల్సొచ్చింది. గెయిల్ మధ్యవర్తుల దగ్గరికి వెళ్ళి, చివరికి 2025 జనవరిలో 28.5 కోట్ల డాలర్లకి రాజీ పడింది. వాళ్ళకి లాయర్లున్నారు, రాతకోతలున్నాయి. నా దగ్గరున్నది నాన్న రాసుకున్న నోటు పుస్తకం, సేట్ వాళ్ళ నాన్న సంతకం.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని సంగతి. చిక్‌పేటలో ఉన్న ఆ సరుకుని, మా డిజైన్‌ని, మూడో వంతు ఎక్కువ పెట్టి నేనే కొనాలా?

వద్దన్నది మా అమ్మ. "వాడి గాజు ఈ గడప తొక్కకూడదు" అంది, అంతే. నా మనసులోనూ అదే ఉంది. కొంటే ఆ సేట్ చేసిన పనికి నేను బహుమతి ఇచ్చినట్టే. రేపు ఇంకో దేశంలో ఇంకో గొడవొస్తే మళ్ళీ ఇదే ఆట ఆడతాడు. ఈలోగా ఒక ఏజెంటు ఆక్రిలిక్ గాజులు తెచ్చాడు. చూడ్డానికి అచ్చం మనవే, పగలవు, ధర సగం. "కస్టమర్లు గుర్తుపట్టరు సార్" అన్నాడు. రెండు తీసుకుని ఒకదానికొకటి తగిలించాను. చప్పుడు చచ్చిపోయింది. మీరు గుర్తుపడతారు. పట్టకపోయినా నేనమ్మను. గాజు పగలకపోతే మీరు మళ్ళీ మా కొట్టుకి ఎందుకొస్తారన్నది వేరే సంగతి.

తేల్చింది మా ఆవిడ. ఆర్డర్ల పుస్తకం నా ముందు పడేసి, "ఈ పిల్లకి ఏడో నెల. సీమంతం రోజు ఆ చేతికి ఏం తొడుగుతారు, మీ పౌరుషమా?" అంది. ఇంక మాట్లాడ్డానికేముంది. అడ్వాన్స్ ఇచ్చిన సీమంతాలకీ పెళ్ళిళ్ళకీ ఎన్ని కావాలో లెక్కగట్టి, అంతవరకే చిక్‌పేట ధరకి కొన్నాను. తేడా నేనే భరిస్తాను. మీ దగ్గర ఒక్క రూపాయి అడగను. తాంబూలాల కోసం మాత్రం కొనలేదు. డబ్బు సరిపోకా కాదు, మనసొప్పక. మా అమ్మ ఇప్పటికీ ఆ పెట్టెల వైపు చూడ్డం లేదు.

సాదా మట్టిగాజులు ఫిరోజాబాద్‌లోనే ఇంకో ఫ్యాక్టరీ నుంచి వస్తున్నాయి. పచ్చ కాస్త ముదురుగా ఉంటుంది, చుక్కలుండవు. అతుకులు నేను ఒక్కొక్కటీ చూసే పంపుతాను. వద్దనుకుంటే మీ అడ్వాన్స్ ఎలా ఇచ్చారో అలాగే, యూపీఐ అయితే యూపీఐకి, వెనక్కి వస్తుంది.

ఇకమీదట ఏం చేస్తానంటారా, సరుకు ముందే నిల్వ పెడతాను. మన దేశం చమురుని విశాఖపట్నం, మంగళూరు, పాడూరుల్లో కొండరాతి గుహల్లో దాచుకుంది, మొత్తం 53 లక్షల టన్నుల పైచిలుకు పట్టేట్టు. గ్యాస్‌కి అలాంటి ఏర్పాటు మనకి లేదు. ఓడ దిగిన చోట ట్యాంకుల్లో కొన్నాళ్ళకి సరిపడా ఉంటుంది, అదీ ఎంత చల్లగా ఉంచినా కొంచెం కొంచెంగా ఆవిరవుతూనే ఉంటుంది. గాజులకి ఆ బాధ లేదు. పైన గదిలో మంచం తీసేసి బీరువాలు పెడుతున్నాం. శ్రావణం సరుకు సంక్రాంతికే దింపుకుంటాను. అందులో డబ్బు ఇరుక్కుంటుంది కాబట్టి దసరా నుంచి డజనుకి పది రూపాయలు పెంచక తప్పదు. ఇద్దరు సప్లయర్లు ఉంటారు, ఎవరికీ సగానికి మించి ఆర్డరు ఇవ్వను.

పాత సేట్ రోజూ ఫోన్ చేస్తున్నాడు. దీపావళికి మంచి రేటు ఇస్తాడట. ఎత్తడం లేదు. చుక్కల కోత కొత్త ఫ్యాక్టరీలో చేయించడానికి కాగితం మళ్ళీ గీస్తున్నాను. నాన్న గీసినంత బాగా రావడం లేదు.

సెట్లు తీసుకోడానికి వచ్చేవాళ్ళు శుక్రవారాలు తప్పించి రండి, మల్లేశ్వరం ఎనిమిదో క్రాస్‌లో ఆ రోజు బండి పెట్టే చోటు దొరకదు. కొలత మారి ఉండొచ్చు, ముఖ్యంగా కడుపుతో ఉన్నవాళ్ళకి చేతులు కాస్త ఉబ్బుతాయి. రెండు-నాలుగు వేసుకునేవాళ్ళకి ఇప్పుడు రెండు-ఆరు పట్టొచ్చు. రాలేకపోతే ఇప్పుడు సులువుగా ఎక్కే గాజు ఒకటి ఎవరిచేతైనా పంపండి. స్కేలు పక్కన చెయ్యి పెట్టి ఫోటో తీసి పంపితే మాత్రం ఒప్పుకోను.