వంద సీసీకీ ఆరొందల యాభై సీసీకీ ఒకటే లైసెన్సా?

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

కొత్త బండి ఏదైనా వచ్చిందంటే మన పేపర్లలో ఎక్స్ షోరూమ్ ధర, మైలేజీ, రంగులు, బ్లూటూత్ ఉందా లేదా ఇవన్నీ వేస్తారు, బరువెంత, సీటు ఎత్తెంత అనేది మాత్రం చాలాసార్లు కనపడదు. స్ప్లెండరో షైనో కొన్నేళ్లు తోలి ఇప్పుడు పెద్ద బండికి వెళ్దాం అనుకునే కుర్రాళ్లకి ముందు తెలియాల్సింది ఆ రెండే అని నా గట్టి నమ్మకం, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది రాజమండ్రి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది కదా, 350 సీసీ వరకు బండ్లకి 28 శాతం నుంచి 18కి దిగింది, 350 దాటితే 40 శాతం చేశారు. అప్పట్నుంచి ఎవర్ని అడిగినా మాటంతా ఈ 350 గీత చుట్టూనే. కొందరు 350 లోపే తీస్కో చవగ్గా వస్తుంది అంటారు, కొందరేమో ఎలాగూ ఇన్ని డబ్బులు పెడుతున్నావ్ కదా ఇంకాస్త వేసి 400 కొట్టు అంటారు. ఇద్దరూ సీసీ లెక్కే చెప్తున్నారు. కానీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 తీస్కోండి, 349 సీసీ, దాదాపు 20 హార్స్‌పవర్, 195 కిలోలు. ట్రయంఫ్ స్పీడ్ 400 తీస్కోండి, 398 సీసీ, 40 హార్స్‌పవర్, బరువు 180 కిలోల దగ్గర. అంటే పేపర్ మీద 49 సీసీ తేడా, రోడ్డు మీద పవర్ డబుల్, పైగా బండి తేలిక. స్ప్లెండర్ ఎంతండీ, 8 హార్స్‌పవర్, 112 కిలోలు. దాని మీంచి దిగినవాడు ఒకదాని మీదెక్కితే బరువుతో కుస్తీ పట్టాలి, ఇంకోదాని మీదెక్కితే ఐదు రెట్ల పవర్ ఒక్కసారిగా చేతికొస్తుంది. రెండూ కష్టమే కానీ రెండూ వేరు వేరు కష్టాలు, ఆ తేడా చెప్పేవాళ్లు లేరు.

ఈమధ్య మా మేనల్లుడితో షోరూమ్‌కి వెళ్లాను. వాడు ఐదడుగుల నాలుగంగుళాలు ఉంటాడు. కొంచెం ఎత్తు బండే నచ్చింది వాడికి, 825 మిల్లీమీటర్ల సీటు. ఎక్కి కూర్చున్నాడు, మునివేళ్లు ఆనుతున్నాయి, ముఖం వెలిగిపోతోంది. వాళ్లు ఇచ్చిన టెస్ట్ రైడ్ ఏంటంటే సర్వీస్ రోడ్డు మీద తిన్నగా వెళ్లి తిన్నగా రావడం, అంతే. తిన్నగా ఏ బండైనా వెళ్తుందండి. తిరిగొచ్చాక రోడ్డు పక్కన పల్లంలో ముందు చక్రం కిందకి పెట్టి ఆపాడు, అక్కణ్ణుంచి కూర్చునే వెనక్కి లాగాలి కదా, వేళ్ల కింద ఇసుక, కాలు జారుతోంది గానీ బండి కదలట్లేదు. "మావయ్యా ఒక్కసారి వెనక పట్టుకోవా" అన్నాడు. వాడి బలానికేం లోటు లేదు, పాదం మొత్తం నేల మీద ఆనకపోతే తోయడానికి పట్టు దొరకదు, అంతే విషయం. కోటగుమ్మం దగ్గర సాయంత్రం పార్కింగ్ ఎలా ఉంటుందో ఊళ్లోవాళ్లకి తెలుసు, అక్కడ రోజూ ఎవరు పట్టుకుంటారు?

అందుకే నేను అందరికీ ఒకటే చెప్తాను, టెస్ట్ రైడ్ అంటే స్పీడ్ చూడకండి. ఇంజిన్ ఆపేసి బండిని చేత్తో వెనక్కి తోసి చూడండి, హ్యాండిల్ ఫుల్‌గా తిప్పి చిన్న రోడ్డులో యూటర్న్ కొట్టండి, ఇంట్లో ఎవరు వెనక కూర్చుంటారో వాళ్లని తీసుకెళ్లి కూర్చోబెట్టండి (అమ్మకి వెనక సీటు ఎక్కడానికే అందకపోతే ఆ బండి ఇంటికి పనికి రాదు). షోరూమ్ వాళ్లు కుదరదంటే వేరే షోరూమ్‌కి వెళ్లండి, లక్షలు పోస్తున్నది మనం.

ఇంకోటి బ్రేకులు. చిన్న బండి మీద మనకందరికీ కాలితో వెనక బ్రేక్ తొక్కడమే అలవాటు, ముందు బ్రేక్ పడితే పడిపోతాం అని చిన్నప్పుడు భయపెట్టి నేర్పిస్తారు. బండి ఆపేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది, కాబట్టి ఎక్కువ ఆపేది ముందు బ్రేకే. అదీకాక స్పీడ్ రెట్టింపు అయితే బ్రేక్ పట్టాక ఆగే దూరం నాలుగు రెట్లు అవుతుంది, 50లో ఆగినట్టు 100లో ఆగదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ పట్టినా చక్రం లాక్ అయి జారకుండా చూసేది) తప్పనిసరి చేశారు, మంచిదే, కానీ సింగిల్ ఛానల్ అయితే అది ముందు చక్రానికే, వెనక చక్రం లాక్ అయ్యే అవకాశం అలాగే ఉంటుంది. కాబట్టి రెండు చక్రాలకీ ఉండే డ్యూయల్ ఛానలా కాదా అని అడిగి తీస్కోండి, రంగు కోసం వేరియంట్ మార్చేవాళ్లు దీనికోసం మార్చడానికి ఆలోచిస్తారెందుకో నాకు అర్థం కాదు.

మా వైపు కుర్రాళ్లు పెద్ద బండి కొన్న మొదటి ఆదివారమే మారేడుమిల్లి ఎక్కేస్తారు. రంపచోడవరం దాకా బాగానే ఉంటుంది, మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ మొదలయ్యాక మలుపు మీద మలుపు, వానాకాలం అయితే రోడ్డు మీద తడి ఆకులు, లారీలు కార్చిన ఆయిల్. చిన్న బండ్ల మీద పెట్రోల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో దింపుకునే అలవాటు చాలామందికి ఉంది, దాదాపు 200 కిలోల బండిని అలా దింపితే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గిపోతాయి, రెండో గేర్‌లో పెట్టి ఇంజిన్‌తోనే పట్టి దింపాలి. ఇదెవరు నేర్పుతున్నారండీ మనకి? కనీసం కొన్నాళ్లు ఊళ్లో, హైవే మీద పొద్దున్నే ఖాళీగా ఉన్నప్పుడు తిప్పి బండి బరువు ఒంటికి అలవాటయ్యాక ఘాట్‌కి వెళ్లండి.

ఖర్చుల సంగతి కూడా ఒక మాట, 350 దాటితే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఏడాదికి 1,366 నుంచి 2,804కి వెళ్తుంది, టైర్లు, చైన్ సెట్ ధరలు కూడా ముందే కనుక్కోండి. ట్యూబ్ టైరా ట్యూబ్‌లెస్సా చూడండి, స్పోక్ చక్రాలు అందంగానే ఉంటాయి కానీ ట్యూబ్ ఉంటే అడవి దారిలో పంక్చర్ పడినప్పుడు చాలాసార్లు చక్రమే ఊడదీయాల్సి వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఆర్టీవో ఆఫీస్‌లో వంద సీసీ బండి మీద ఎనిమిది కొట్టి లైసెన్స్ తెచ్చుకున్న పద్దెనిమిదేళ్ల పిల్లాడు అదే కార్డుతో మర్నాడు 650 అయినా వెయ్యి సీసీ అయినా తోలొచ్చు, మన చట్టంలో గేర్ ఉన్న బండికి లైసెన్స్ ఒకటే. యూరప్‌లో అలా కాదు, మొదట 125 సీసీ 11 కిలోవాట్ల వరకు ఏ1, తర్వాత 35 కిలోవాట్ల వరకు (అంటే దాదాపు 47 హార్స్‌పవర్) ఏ2, దాని మీద రెండేళ్లు అయ్యాకనో 24 ఏళ్లు నిండాకనో పూర్తి లైసెన్స్. పైకెళ్లేకొద్దీ వాళ్లు చూసేది పవర్. మన రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650కి 47 హార్స్‌పవరే కాబట్టి అక్కడ ఏ2 వాడు తోలొచ్చు, అంతకంటే తక్కువ సీసీ ఉన్నా పవర్ ఎక్కువుంటే తోలకూడదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో లక్షా 68 వేల మంది పైగా చనిపోతే అందులో దాదాపు 75 వేల మంది టూవీలర్ల మీదున్నవాళ్లే అని కేంద్రం లెక్కలే చెప్తున్నాయి. వీళ్లందరూ పెద్ద బండ్ల వల్ల పోయారని నేననట్లేదు, ఎక్కువమంది మామూలు బండ్ల మీద, చాలామంది హెల్మెట్ లేకుండా పోయినవాళ్లే. కానీ మామూలు బండికే ఇలా ఉన్నచోట ఐదు రెట్ల పవర్‌ని ఏ శిక్షణా లేకుండా చేతికివ్వడం సరైనది కాదు కదా. కొత్త లైసెన్స్ క్లాసు ఢిల్లీలో తేల్చాల్సిన పని, టైం పడుతుంది. ఈలోగా మన రవాణా శాఖలు జిల్లాకో ట్రాక్‌లో పెద్ద బండికి మారేవాళ్ల కోసం ఒక పూట క్లాసు పెట్టి, గట్టిగా బ్రేక్ పట్టడం, చిన్న చోట తిప్పడం నేర్పినా చాలు, ఫీజు కట్టి మరీ వస్తారు జనం.

మీకు నా విన్నపం ఒక్కటేనండి, ఇకమీదట ఏ బండి గురించి వేసినా ధర పక్కనే బరువు, సీటు ఎత్తు, పవర్, ఏబీఎస్ ఏ రకమో ఈ నాలుగూ ఒక చిన్న బాక్స్‌లో వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు, రాజమండ్రి