మూడడుగుల చోట పది కిలోల గుమ్మడి: విత్తన సంస్థకు ఫిర్యాదు లేఖ

తిరుపతి,
27 జనవరి 2025.

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: ‘పొద గుమ్మడి’ పేరుతో తీగ గుమ్మడి విత్తనాలు అమ్మినందుకు ఫిర్యాదు.

అయ్యా,

గత ఆగస్టు చివరి వారంలో మా ఊళ్లోని ఒక ఎరువుల దుకాణంలో మీ గుమ్మడి విత్తనాల ప్యాకెట్టు కొన్నాను. పది గింజలు, 180 రూపాయలు. ముందువైపు పెద్ద అక్షరాలతో ‘పొద గుమ్మడి, మూడడుగుల చోటు చాలు, కాయ 8 నుంచి 10 కిలోలు’ అని ఉంది. వెనకవైపు ‘మిద్దె తోటలకు, ఇరుకు పెరళ్లకు అనువైనది’ అని ఉంది. ఆ మాటలు నమ్మి ఒక పంటకాలం పోగొట్టుకున్నాను. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా పెరడు పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు. నీటి మోటారు, తులసి కోట, కరివేపాకు చెట్టు, బట్టలు ఆరేసే చోటు పోగా మొక్కకు మిగిలేది ఒక మూల మాత్రమే. ఆ మూల తప్ప తక్కినదంతా సిమెంటు. మా అత్తగారి పుట్టిల్లు చిత్తూరు దగ్గర ఒక పల్లె. అక్కడ పెంటదిబ్బ పక్కన గుమ్మడి గింజ పెట్టి, తీగను కొట్టం కప్పు మీదికి ఎక్కించేవారట. సంక్రాంతికి పెద్ద కాయ కోసి, ఇంటికి కావలసినంత ఉంచుకుని, తక్కిన ముక్కలు ఇరుగుపొరుగుకు పంచేవారట. ఆమెకు ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. మన పాదుకు కాసిన గుమ్మడికాయ ఒక్కసారి తన చేత్తో కోసి పంచాలని ఎన్నేళ్లుగానో అడుగుతున్నారు. చోటు లేదత్తయ్యా అని ప్రతి ఏడూ చెబుతూ వచ్చాను. మీ ప్యాకెట్టు ఇంటికి తెచ్చిన రోజు, ఈ ఏడు ఆ మాట చెప్పనక్కర్లేదని ఆమెకు చదివి వినిపించాను.

వినాయక చవితి మరునాడు, సెప్టెంబరు 8న, ఆరు గింజలు పెట్టాను. అయిదు మొలిచాయి. మొలక విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. బలమైన రెండు మొక్కలు ఉంచి తక్కినవి తీసేశాను. పాదులో వర్మీకంపోస్టు, వేపపిండి కలిపాను.

నాలుగో వారానికే అనుమానం వచ్చింది. పొద రకమైతే కణుపులు దగ్గరదగ్గరగా ఉండి, ఆకులన్నీ మొదలు చుట్టూ గుబురుగా రావాలి. మా మొక్కల్లో కణుపుకూ కణుపుకూ మధ్య జానెడు దూరం ఉంది. ప్రతి కణుపు దగ్గరా ఒక నులితీగ బయలుదేరి, దొరికినదాన్నల్లా చుట్టుకోసాగింది. ఒకరోజు పొద్దున చూస్తే మోటారు పైపును మూడు చుట్లు చుట్టుకుని ఉంది. అక్టోబరు 7న మీ ఫోను నంబరుకు చేసి ఇదంతా చెప్పాను. మీ ప్రతినిధి ఇచ్చిన సమాధానం ఇది: ‘నీళ్లు ఎక్కువయ్యాయమ్మా, తగ్గించండి. కొనలు తుంచండి, పొదగా మారుతుంది.’

నా ఫిర్యాదులో ముఖ్యమైన భాగం ఈ సమాధానమే. కొన తుంచితే తీగ ఆ కొన దగ్గర ఆగుతుంది, పక్క పిలకలు వేస్తుంది. అంతేగానీ తీగ రకం పొద రకం అయిపోదు. అది విత్తనంలోనే ఉండే గుణం. విత్తనాలు అమ్మే సంస్థకు ఇది తెలియదంటే నేను నమ్మలేను. ఆ రోజే ‘ఇది తీగ రకం, పొరపాటు జరిగింది’ అని ఒక్క మాట చెప్పి ఉంటే మొక్కలు పీకేసి చిన్న కాయ రకం పెట్టుకునేదాన్ని. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క సూర్యముఖి లాంటివి ఉన్నాయి. అదీ తీగే, కానీ కాయ కిలో, కిలోన్నర ఉంటుంది కాబట్టి మామూలు వల పందిరి మోయగలదు. అప్పటికింకా అక్టోబరు మొదటి పక్షమే. ఈ నెలాఖరుకు నాలుగు కాయలైనా చేతికి వచ్చేవి. మీ సలహా నమ్మి ఆ అవకాశమూ వదులుకున్నాను.

పెద్ద గుమ్మడికాయ ఊరికే పెద్దదవదు. ఆకులు వండి పెడితేనే కాయ తింటుంది. పది కిలోల కాయకు ఎంతో ఆకు కావాలి. నేల మీద పాకే తీగ కణుపుల దగ్గర కూడా వేళ్లు వేసి దారి పొడవునా తిండి లాక్కుంటుంది. పొద రకాలు లేవని నేను అనడం లేదు, ఉన్నాయి. కానీ వాటి ఆకు తక్కువ, అందుకే కాయలూ సాధారణంగా చిన్నవే. మూడడుగుల చోటు, పది కిలోల కాయ అనే రెండు మాటలు ఒకే ప్యాకెట్టు మీద ఎలా అచ్చువేశారు? మీ సంస్థలో విత్తనం తెలిసినవారు ఎవరూ ఆ ప్యాకెట్టును చదవలేదా? కొనేది చోటు లేనివాళ్లే. మా ఆశ ఏమిటో చూసి, సరిగ్గా దాన్నే అచ్చువేసినట్టు ఉంది.

తర్వాత జరిగింది త్వరగా చెబుతాను. ఒక తీగ మెట్ల కమ్మీల మీదుగా మిద్దె ఎక్కింది. రెండోది ప్రహరీ దాటి పక్కింటివారి రేకుల షెడ్డు మీదికి వెళ్లింది. టేపుతో కొలిస్తే అది 23 అడుగులు ఉంది. పక్కింటి అక్క మంచి మనిషి కాబట్టి ఊరుకున్నారు. వానలకు తేనెటీగలు సరిగా రాలేదు. ఆడమొగ్గకు ముందురోజు సాయంత్రం కాగితం సంచి తొడిగి, తెల్లవారి ఆరు గంటలకు విప్పి, మగపువ్వు రెక్కలు తీసేసి, దాని పుప్పొడిని ఆడపువ్వు నడుమ నా చేత్తో అద్దాను. అలా మూడు పిందెలు నిలిచాయి.

షెడ్డు మీది కాయ రెండున్నర కిలోల వరకూ పెరిగింది. నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు మాకూ ఎడతెగని వాన, గాలి. తీగ రేకు అంచున ఒరుసుకుని తెగింది, కాయ లేతగానే కిందపడి పగిలింది. తుపానుకు మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. కానీ మీరు చెప్పినట్టు అది పొదే అయితే ఆ కాయ షెడ్డు ఎక్కేది కాదు, మా పెరటి మూలలో నేల మీద ఉండేది. రెండో పిందె మీ సలహా ప్రకారం కొనలు కత్తిరించిన పది రోజులకు పసుపుపచ్చగా మారి రాలిపోయింది. ఉన్న కాస్త ఆకూ నేనే కోసేశానని తర్వాత అర్థమై చాలా బాధపడ్డాను.

మూడోది మిద్దె మీద దక్కింది. పాత నూలు చీర చింపి ఊయల కట్టి, బరువు తీగ మీద పడకుండా కమ్మీకి వేలాడదీశాను. తొడిమ ఎండి, తొక్క గోటికి దిగనంత గట్టిపడ్డాక జనవరి 12న కోశాను. మూడు కిలోల రెండు వందల గ్రాములు తూగింది. ధనుర్మాసమంతా మగపువ్వులు గొబ్బెమ్మల మీదికి పనికొచ్చాయి, అది మాత్రం నిజం. పండుగనాడు అత్తగారు కత్తిపీట ముందు కూర్చుని కాయ కోశారు. మా తీగను భరించిన పక్కింటికి సగం పంపించారు. మిగిలిన సగం మా పులుసుకు సరిపోయింది. పంచడానికి ఇంకేమీ లేదు. ఆమె ఒక్క మాటా అనలేదు. నేనే ఆమెకు చెప్పి, ఆశపెట్టి, ఇలా చేశాను కదా అని నాకు ఇప్పటికీ మనసు కుదుటపడలేదు.

ఇక నేను కోరేది. ప్యాకెట్టు ధర 180 రూపాయలు, ఎరువుకు 420, వల, ఇనుప తీగ, తాడుకు 650, మొత్తం 1,250 రూపాయలు తిరిగి చెల్లించండి. ప్యాకెట్టు మీది లాటు నంబరు, రసీదు, ఫొటోలు జతపరిచాను. పొరపాటున వేరే విత్తనం ఈ ప్యాకెట్లలోకి వచ్చిందా, లేక విత్తనం ఇదే అయి రాత అబద్ధమా అన్నది రాతపూర్వకంగా తెలపండి. ఈ రెంటికీ చాలా తేడా ఉంది, మీరు ఏది చెబుతారన్నది నాకు డబ్బు కంటే ముఖ్యం. ఈ లాటులో అమ్ముడుపోని ప్యాకెట్లను జూన్‌లో వానాకాలపు విత్తనానికి ముందే దుకాణాల నుంచి వెనక్కి తీసుకోండి. మా ఊళ్లో మిద్దెల మీద ఇలాగే తొట్లు పెట్టుకుని ఎదురుచూసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇకమీదట ప్రతి గుమ్మడి ప్యాకెట్టు మీద తీగ ఎన్ని అడుగులు పోతుందో స్పష్టంగా వేయండి.

ముప్పై రోజుల్లో సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేస్తాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలను తప్పుగా పరిగణిస్తుంది. కొన్నవారు తాము నివసించే చోటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని కూడా ఆ చట్టంలో ఉంది. అంతవరకూ వెళ్లే ఓపిక నాకు ఉంది.

నేను విత్తగా మిగిలిన నాలుగు గింజలు అదే ప్యాకెట్టులో, గాలి తగలకుండా, నా దగ్గర భద్రంగా ఉన్నాయి. కావాలంటే రెండు పంపిస్తాను. మీ క్షేత్రంలో పెట్టించి చూడండి. నాలుగో వారానికి మీకే తెలుస్తుంది.

ఇట్లు,
ఒక కొనుగోలుదారు,
తిరుపతి.