బొటనవేలితో వాయించినాయన గురించి మా అమ్మాయికి

రాయగడ,
ఆదివారం రాత్రి

చిట్టితల్లీ,

మొన్న ఫోన్‌లో నువ్వు ఏడుపు ఆపుకుంటూ మాట్లాడుతున్నావని నాకు తెలిసింది. కానీ ఎదురుగా ఒకాయన మిక్సీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "సరేలే అమ్మా, తర్వాత మాట్లాడదాం" అని పెట్టేశాను. అప్పట్నుంచి మనసు మనసులో లేదు. ఫోన్‌లో అయితే చెప్పాలనుకున్నది సగం మరిచిపోతాను. అందుకే కొట్టు షట్టరు సగం దించి, బెంచీ మీదే కూర్చుని ఇది రాస్తున్నాను.

నీ గిటారు ప్రోగ్రాం అయ్యాక ఎవరో నీ దగ్గరికొచ్చి "బాగానే ఉంది గానీ అంతా వెస్ మాంట్‌గొమరీ కాపీయే కదా" అన్నారన్నావు. గదికి వెళ్ళి, నీకు ప్రాణమైన ఆ అమెరికా జాజ్ గిటారు విద్వాంసుడి పాటలన్నీ ఫోన్‌లోంచి తీసేశానన్నావు. ఇకమీదట తీగ మీటే ఆ ప్లాస్టిక్ ముక్కతో, పిక్‌తోనే వాయిస్తాను, బొటనవేలు ముట్టుకోను అన్నావు. ఆ ఒక్క మాట నాకు ముల్లులా దిగింది.

ఎందుకంటే, ఆ బొటనవేలు నీకు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మీ మామ్మ మంచం పట్టిన ఏడాది నువ్వు తొమ్మిదో క్లాసు. వైజాగ్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న గిటారు, పాత వాల్వ్ రేడియో పెట్టెలో నేను బిగించిచ్చిన ఆంప్లిఫయరు, అవే నీ ఆస్తి. పిక్‌తో తీగ మీటితే ఆ టిక్కు టిక్కుకి మామ్మ ఉలిక్కిపడి లేచేది. నేను కసిరాను. మర్నాడు రాత్రి చప్పుడు లేదు. మానేసిందేమో అనుకుని వచ్చి చూస్తే, వంటింటి గుమ్మంలో కూర్చుని బొటనవేలి కండతో మెల్లగా మీటుతున్నావు. ఆంప్లిఫయరు మీద దుప్పటి కప్పి ఉంది. మామ్మ హాయిగా నిద్రపోతోంది. అప్పటికి వెస్ పేరు నీకూ తెలీదు, నాకూ తెలీదు.

ఆ తర్వాత రెండేళ్ళకి కదా ఆయన నీకు దొరికింది. ఆ రోజు కొట్టుకి పరుగెత్తుకొచ్చి, "నాన్నా, ఈయన కూడా ఇంట్లో వాళ్ళకీ పక్కింటి వాళ్ళకీ ఇబ్బంది కాకూడదనే బొటనవేలితో మొదలుపెట్టాడంట!" అని అరిచావు. నా చేతిలో కాలుతున్న టంకం కడ్డీ నీ మీద పడుతుందేమోనని నేను భయపడ్డాను. అంత సంతోషం నీ ముఖంలో ప్లస్ టూ రిజల్టు వచ్చిన రోజు కూడా చూడలేదు.

ప్లస్ టూ అంటే గుర్తొచ్చింది, రాయకుండా ఉండలేను. ఆ ఏడాది నీ గిటారు తీసి కొట్టు అటక మీద, చెడిపోయిన సెట్ల వెనకాల పెట్టేశాను. ఆరు నెలలు. పరీక్షలు పాడవుతాయని నా టెన్షన్. ఒక రోజు నీ పుస్తకాలు సర్దుతుంటే చెక్క స్కేలు కనిపించింది. దాని మీద పెన్నుతో ఆరు గీతలు, అడ్డంగా ఫ్రెట్ల (గిటారు మెట్ల) గుర్తులు. చాలాచోట్ల ఇంకు అరిగి తెల్లబడి ఉంది. దాన్ని మళ్ళీ అక్కడే పెట్టేసి బయటికి వచ్చేశాను. గిటారు దించి ఇచ్చెయ్యాల్సింది. ఇవ్వలేదు. అది నా తప్పమ్మా. ఇన్నాళ్ళూ నోరు తెరిచి నీతో చెప్పలేదు, ఇవాళ చెప్తున్నాను.

నాకు ఈ సంగీతం నీ వల్లే తెలిసిందని నువ్వు అనుకుంటావు. కొంచెం ముందే తగిలింది. 1984లో నేను మా మాస్టారి దగ్గర పని నేర్చుకుంటున్నాను. బాగుచేసిన సెట్టులో షార్ట్‌వేవ్ సరిగ్గా పడుతోందా లేదా అని చూడ్డానికి రాత్రిళ్ళు వాయిస్ ఆఫ్ అమెరికా పెట్టేవాళ్ళం. అందులో విల్లిస్ కోనోవర్ అనే ఆయన జాజ్ వినిపించేవాడు. 1955లో మొదలుపెట్టి నలభై ఏళ్ళు చేశాడాయన. ఇంగ్లీషు అంతంత మాత్రం వచ్చిన నాలాంటివాళ్ళకి కూడా అందేలా ఒక్కో మాటా నిదానంగా పలికేవాడు. పాట కెరటంలా దగ్గరికొచ్చి మళ్ళీ దూరం పోయేది. అందులో ఎప్పుడైనా గిటారు వస్తే నేను స్క్రూడ్రైవరు కింద పెట్టేసేవాణ్ణి. పేర్లు రాసుకునే జ్ఞానం లేదు. సెట్టు బాగయిపోయినా "ఇంకొక్క రోజు చూసి ఇస్తా" అని అట్టేపెట్టుకునేవాణ్ణి.

ఇప్పుడు నీ వెస్ దగ్గరికి వస్తాను. ఆయన గురించి నువ్వే నాకు చెప్పావు, తర్వాత నేనూ వెతుక్కుని చదువుకున్నాను. 1923 మార్చి 6న ఇండియానాపొలిస్‌లో పుట్టాడు. మొదట వాళ్ళ అన్న మాంక్ కొనిచ్చిన నాలుగు తీగల గిటారు వాయించుకున్నాడు. ఇరవై ఏళ్ళ వయసులో, కొత్తగా పెళ్ళయిన రోజుల్లో, చార్లీ క్రిస్టియన్ అనే జాజ్ గిటారిస్టు రికార్డు విన్నాడు. ఇక ఆగలేకపోయాడు. ఆరు తీగల గిటారు, ఆంప్లిఫయరు కొనుక్కుని ఇంట్లో కూర్చున్నాడు. నొటేషన్ చదవడం రాదు. రికార్డు పెట్టడం, వినడం, మీటడం, మళ్ళీ రికార్డు మొదటికి తిప్పడం. ఆ క్రిస్టియన్ అప్పటికే క్షయతో పోయాడు, 1942లో, పాతికేళ్ళకే. గురువు లేడు. రికార్డులే ఉన్నాయి.

నువ్వు మరిచిపోయిన సంగతి ఒకటుంది. వెస్‌కి మొదట్లో దొరికిన ఉద్యోగం ఏమిటో తెలుసుగా? ఒక క్లబ్బులో చార్లీ క్రిస్టియన్ సోలోలు, అంటే ఒంటరిగా వాయించిన వరసలు, ఉన్నవి ఉన్నట్టు వాయించడం. అవి అయిపోతే ఊరుకోవడం, అంతే. వేరే ఏం వాయించాలో తనకి తెలీదని ఆయనే ఒప్పుకున్నాడు. నీతో అన్న మాటే ఆ రోజు ఎవరైనా ఆయన్ని పట్టుకుని అనుంటే అందులో అబద్ధం ఉండేది కాదు.

అక్కడినుంచి ఎంత నడిచాడో చూడు. 1948 నుంచి రెండేళ్ళు లయొనెల్ హాంప్టన్ అనే జాజ్ విద్వాంసుడి బ్యాండుతో ఊళ్ళు తిరిగాడు. విమానం అంటే భయం, అందుకని ఎంత దూరమైనా కారు తోలుకుంటూ వెళ్ళేవాడట. తర్వాత ఇంటికొచ్చేశాడు. పెద్ద సంసారం. పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 3 దాకా రేడియో విడిభాగాల ఫ్యాక్టరీలో పని, రాత్రి 9 నుంచి 2 దాకా ఒక క్లబ్బు, మళ్ళీ రెండున్నర నుంచి తెల్లవారుజామున 5 దాకా ఇంకో క్లబ్బు. రేడియో విడిభాగాలు అని చదివిన రోజు నేను బెంచీ మీద ఉన్న కండెన్సర్ల డబ్బా వంక చాలాసేపు చూశాను. మనలాంటి పనివాడు. చేతులకి అదే మసి.

1959లో కానన్‌బాల్ ఆడర్లీ అనే సాక్సోఫోన్ విద్వాంసుడు ఆ క్లబ్బుల్లో ఒకదాంట్లో ఆయన్ని విని, న్యూయార్క్ వెళ్ళి రివర్‌సైడ్ రికార్డుల కంపెనీకి చెప్పాడు. అప్పటికి వెస్‌కి 36 ఏళ్ళు. ఇరవై ఏళ్ళ కుర్రాడిగా కాపీ కొట్టినవాడు, పదహారేళ్ళ తర్వాత ప్రపంచం తననే కాపీ కొట్టేలా తయారయ్యాడు. నీకు ఇప్పుడు ఎన్నేళ్ళు? ఇరవై మూడు.

బొటనవేలి సంగతి నా భాషలో చెప్తాను. పిక్ గట్టి ప్లాస్టిక్, తీగని చటుక్కున వదులుతుంది. ఆ దెబ్బలో పైస్థాయి ధ్వనులన్నీ ఎగిరిపడతాయి. వేలి కండ మెత్తన, తీగని కొంచెం ఆలస్యంగా, కొంచెం గుండ్రంగా వదులుతుంది. రేడియోలో ట్రెబుల్ తగ్గించినట్టు ఉంటుంది, కానీ మూగబోదు. ఇక ఆక్టేవులు. సెకనుకి 220 సైకిళ్ళ స్వరం, దానికి రెట్టింపు 440 స్వరం, రెండూ ఒకేసారి. మధ్య తీగ మోగకుండా చూపుడువేలి పక్కభాగంతో నొక్కిపెట్టాలి. ఎవరికైనా అదే కష్టం. వెస్ వాటిమీద పరుగెత్తేవాడు. ముందు ఒంటి స్వరాలతో మొదలుపెట్టి, తర్వాత ఆక్టేవుల్లోకి వెళ్ళి, ఆఖర్న కార్డుల్లోకి, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడంలోకి, ఎక్కేవాడు. మన కచేరీలో తని ఆవర్తనంలో మృదంగం మెట్టు మెట్టుగా ఎక్కినట్టు ఉంటుంది నాకు.

చివరి సంవత్సరాల్లో వాయించిన పాపులర్ పాటలు బాగా అమ్ముడుపోయాయి, జాజ్ అభిమానుల్లో కొందరు మొహం చిట్లించారు. నాకు ఆ రికార్డులు కూడా ఇష్టమే. అంతమంది పిల్లల్ని పెంచినవాడు రెండు డబ్బులు సంపాదించుకుంటే తప్పేముంది? 1968 జూన్ 15న గుండెపోటుతో పోయాడు. 45 ఏళ్ళు.

ఆయన అభిమానులు ఎలాంటివాళ్ళో నీకు నాకన్నా బాగా తెలుసు. అయినా ఇద్దరి పేర్లు ఎత్తుతాను. గిటారిస్టు ఎమిలీ రెమ్లర్ పాటలు నాకు వినిపించింది నువ్వే. పైకి న్యూజెర్సీ అమ్మాయిలా కనిపించినా తన లోపల వెస్ లాంటి లావుపాటి బొటనవేలున్న యాభయ్యేళ్ళ నల్లజాతి పెద్దాయన ఉన్నాడని చెప్పుకుంది ఆవిడ. దాచుకోలేదు, సిగ్గుపడలేదు. 1988లో ఒక రికార్డుకి ఆయన పేరు కలిసేలా పేరు కూడా పెట్టుకుంది. ముప్పై రెండేళ్ళకే పోయింది పాపం. కానీ ఆవిడ వాయిస్తే ఆవిడే వినిపిస్తుందని నువ్వే అన్నావు నాతో.

రెండో ఆయన పాట్ మెథినీ, ఆయనా గిటారిస్టే. చిన్నప్పుడు బొటనవేలు, ఆక్టేవులు అన్నీ వెస్ లాగే వాయించేవాడు. పద్నాలుగు, పదిహేనేళ్ళకి మానేశాడు. ఇది నేను కాదు, వెస్, ఇలా వాయించడం వెస్‌ని అగౌరవపరచడమే అనిపించిందట. చూశావా, ఆయనా మానేశాడు. అందుకే నేను నిన్ను మానొద్దు అనడం లేదు. ఆయన మానింది ప్రేమతో. నువ్వు మానతానంటున్నది ఎవరో అన్నారని అవమానంతో. నాకు బాధ అక్కడ.

నువ్వు చిన్నప్పుడు బుధవారం చాటికోన సంతకి నాతో వచ్చేదానివి. కొండ మీదనుంచి దిగినవాళ్ళు సీతాఫలాలు, పసుపు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. నువ్వు ఒక ముసలావిడ పక్కన చతికిలబడి, ఆవిడ కొండవాళ్ళ కువి భాషలో లెక్కపెడుతుంటే ఆ గొంతుతోనే, ఆ తల ఊపుతోనే లెక్కపెట్టేదానివి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో కువి. అన్నీ ఎవరో ఒకరి నోట్లోంచి తీసుకున్నవే. అది విని ఆవిడ నీకు ఒక పండు ఉత్తినే ఇచ్చింది గానీ, నా మాట ఎందుకు ఎత్తుకున్నావని అడగలేదు.

నేనూ అంతే. మా మాస్టారు టంకం వేస్తే గోధుమగింజంత, నున్నగా మెరుస్తూ ఉండేది. వేశాక దానిమీద ఒక్కసారి ఉఫ్ అని ఊదేవాడు. నేను ఆ ఊదడం కూడా నేర్చుకున్నాను, అవసరం లేకపోయినా. ఇప్పటికీ ఊదుతాను. ఆయన పోయి పద్దెనిమిదేళ్ళు.

ఇంకో మాట. నువ్వు పంపిన వీడియో మీ అమ్మ తన ఫోన్‌లో పెట్టింది. నేను లోపల గదిలో ఉన్నాను, నాకు బొమ్మ కనిపించడం లేదు. ఇద్దరు గిటారు వాయిస్తున్నారు కదా అందులో. రెండో వరస ఆక్టేవులు మొదలవగానే "ఇదిగో మన పిల్ల" అన్నాను. ఎలా తెలిసిందో చెప్పనా? నీ చూపుడువేలు మధ్య తీగని పూర్తిగా నొక్కదు. జారేటప్పుడు సన్నగా "చుర్"మంటుంది. స్కేలు మీద నేర్చుకున్న వేలు కదా, తీగ ఎత్తు అందక అలా అలవాటు పడిందేమోనని నా అనుమానం. ఆ చప్పుడు పోగొట్టుకోమని ఒకప్పుడు నీతో ఎన్నిసార్లు అన్నానో. మొన్న మాత్రం అది వినబడగానే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా దగ్గరికి వచ్చే సెట్లని కళ్ళు మూసుకుని హమ్, అదే ఆ గుయ్యిమనే చప్పుడు, బట్టి ఇది ఫలానా వాళ్ళదని చెప్పగలను. వెస్ రికార్డులు నేను ఎన్నో విన్నాను, ఆ చుర్ ఆయనకి లేదు.

నీ వాయింపులో ఆయనవి చాలా ఉన్నాయి. నేను అబద్ధం చెప్పను. రెండో పాటలో కార్డులు ఎక్కిన తీరు అచ్చం ఆయనదే. ఆ అన్నవాళ్ళ చెవి చెడ్డది కాదు. కానీ సగమే విన్నారు.

తీసేసిన పాటలు మళ్ళీ ఎక్కించుకో అమ్మా. పిక్‌తో వాయిస్తావో వేలితో వాయిస్తావో నీ ఇష్టం. ఒక నెల ఆయన్ని వినకుండా ఉండాలనిపిస్తే అలాగే ఉండు. కానీ ఆయన మీద అలిగి కాదు.

నీ పాత ఆంప్లిఫయరు బెంచీ మీదే ఉంది. ఫిల్టర్ కండెన్సరు ఉబ్బిపోతే మార్చాను, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు బాగానే ఉంది. పెట్టెకి ఎలకలు కొట్టిన మూల కొత్త చెక్క వేయించాలి, వడ్రంగి వచ్చేవారం వస్తానన్నాడు. దసరాకి వస్తే మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకుని, సాయంత్రం కొట్టు మూశాక ఒకసారి వాయిద్దువుగాని. ఈసారి దుప్పటి కప్పక్కర్లేదు.

మీ అమ్మ అరిసెలు, కారప్పూస డబ్బాలో పెట్టింది. ఎల్లుండి మన ఊరినుంచి బెంగళూరు వచ్చే కుర్రాడి చేత పంపిస్తున్నాను. చేరగానే ఫోన్ చెయ్యి. ఈసారి కస్టమర్ ఉన్నా పెట్టెయ్యను.

ఆశీస్సులతో,
నాన్న