వార్షిక నివేదిక: ఫలితాలు ముందు ఆ కుటుంబాలకే

సభ్యులందరికీ నమస్కారం. జనరల్ బాడీ మీటింగ్‌కి రాలేకపోయినవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి ఈ ఏడాది మన అసోసియేషన్ ఏం చేసింది, ఎందుకు చేసింది అనేది కాస్త వివరంగానే రాస్తున్నాను, తీరిగ్గా చదవండి. కొత్తగా చేరినవాళ్ళ కోసం ఒక్క మాట: మనది సోషల్ వర్కర్లు, ఇబ్బందుల్లో ఉన్న పిల్లల మీద, కుటుంబాల మీద రీసెర్చ్ చేసేవాళ్ళు, చిన్నప్పుడు అలాంటి రీసెర్చ్‌లో ఇంటర్వ్యూలు ఇచ్చి ఇప్పుడు పెద్దవాళ్ళయినవాళ్ళు అందరూ కలిసి నడుపుకునే సంఘం. ఈ మూడో గ్రూపు లేకపోతే ఈ ఏడాది పనిలో సగం అయ్యేదే కాదని నా నమ్మకం.

ఏడాదంతా మనం ఒకే విషయం పట్టుకుని కూర్చున్నాం. ఎవరి దగ్గర సమాచారం తీసుకున్నామో వాళ్ళకే ముందు ఫలితం చూపించాలి, వాళ్ళు చూశాకే అది బయటికి వెళ్ళాలి. ఎందుకంటే ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాల్ని అడిగేవాళ్ళకి కొదవ లేదు. ఒకే తల్లి తన ఇంటి కష్టాన్ని స్కూల్ కౌన్సిలర్‌కి ఒకసారి, కేస్ వర్కర్‌కి ఒకసారి, సర్వేకి వచ్చిన స్టూడెంట్‌కి ఇంకోసారి చెప్పుకుంటుంది, అందరూ రాసుకుని వెళ్ళిపోతారు, మళ్ళీ ఒక్కరూ కనపడరు. ఇక మైనారిటీ కమ్యూనిటీలైతే, ఊరికే మా మీద చదువులు చదువుకుంటారు, మాకేం ఒరిగింది అని మొహం మీదే అడుగుతారు, అడగడంలో తప్పేమీ లేదు.

మన స్టడీ సర్కిల్‌లో దీని మీదే ఎక్కువ చదివాం. అందరినీ కదిలించింది హవాసుపాయ్ తెగవాళ్ళ కేసు. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ దగ్గర ఉండే చిన్న తెగ, వాళ్ళలో షుగర్ జబ్బు ఎక్కువ, దాని మీద పరిశోధన అనుకుని 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ రీసెర్చర్లకి రక్తం ఇచ్చారు. తర్వాత అదే రక్తాన్ని స్కిజోఫ్రీనియా మీద, వాళ్ళ పూర్వీకులు ఎక్కడినుంచి వచ్చారన్న దాని మీద కూడా వాడారని తెలిసింది, వలసల కథ అయితే వాళ్ళ నమ్మకాలకే విరుద్ధం. కోర్టుకెళ్ళారు, 2010లో రాజీ కుదిరి 7 లక్షల డాలర్ల పరిహారంతో పాటు మిగిలిన శాంపిల్స్ కూడా వెనక్కి తెచ్చుకున్నారు. సంతకం ఒకదానికి తీసుకుని ఇంకోదానికి వాడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి. దక్షిణాఫ్రికాలో శాన్ అనే ఆదివాసీ ప్రజలైతే 2017లో తమ మీద రీసెర్చ్ చేయాలనుకునేవాళ్ళకి తామే రూల్స్ రాసిపెట్టారు, గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ ఉండాలని, మొదలుపెట్టే ముందు తమతో మాట్లాడాలని. అది చదివాక మన కన్సెంట్ (సమ్మతి) ఫారాలు కూడా మనమొక్కళ్ళమే రాయకూడదని అందరం ఒప్పుకున్నాం.

ఇప్పుడు అసలు పని సంగతి. హాస్టళ్ళలో, సంరక్షణ గృహాల్లో పెరిగి 18 ఏళ్ళు నిండగానే బయటికొచ్చే యువత మీద మన సభ్యులు చేస్తున్న స్టడీ డ్రాఫ్ట్‌ని, అందులో మాట్లాడిన పిల్లల్లో ఇష్టపడినవాళ్ళతో కూర్చుని పేజీ పేజీ చదివించాం. పేర్లు మార్చేశాం కదా, ఎవరూ గుర్తుపట్టరు అనుకుంటాం. ఒకమ్మాయి ఒక పేరా దగ్గర ఆగి, తన పేరు లేకపోయినా తమ్ముళ్ళెంతమంది, ఏ భాష మాట్లాడే ఇల్లు, తల్లి ఎప్పుడు పోయింది అన్నీ ఒకేచోట ఉన్నాయి, మా వాళ్ళు పట్టుమని కొన్ని ఇళ్ళే ఉంటాం, ఇది చదివితే ఎవరైనా నన్నే అనుకుంటారు అంది. వెంటనే ఆ వివరాలు విడగొట్టాం, కొన్ని తీసేశాం, తమ్ముళ్ళ సంఖ్య అసలు అవసరమే లేదని తేలింది. చిన్న కమ్యూనిటీలో పేరు దాచితే సరిపోదు, వివరాల కలయికే మనిషిని పట్టిచ్చేస్తుంది, ఇది ఎథిక్స్ కమిటీ టేబుల్ దగ్గర కన్నా ఆ అమ్మాయి వేలు పెట్టి చూపించినప్పుడే మాకు బాగా అర్థమైంది.

కన్సెంట్ ఫారం కూడా ఈ ఏడాదే మార్చాం. మైనర్లయితే తల్లిదండ్రుల సంతకం ఒక్కటే చాలదు, పిల్లలు కూడా సరే అనాలి, మధ్యలో వద్దంటే అక్కడితో ఆపేయాలి, దానివల్ల వాళ్ళకి అందే ఏ సహాయమూ ఆగదని ముందే చెప్పాలి. ఇంకోటి చాలా ముఖ్యం, ఎవరైనా తనని కొడుతున్నారనో ప్రాణానికి ప్రమాదముందనో పిల్లలు చెప్తే అది మా దగ్గరే దాచుకోలేం అనే మాట మొదట్లోనే చెప్పాలి, పిల్లాడు అంతా చెప్పేశాక అప్పుడు చెప్పడం వాడిని నమ్మించి మోసం చేసినట్టే. భాష రాని తల్లిదండ్రులకి వాళ్ళ పిల్లల చేతే అనువాదం చేయించొద్దని కూడా రాసుకున్నాం, తల్లి ఏడుస్తూ చెప్పే మాటలు పదేళ్ళ పిల్ల నోటితో మనకి వినిపించకూడదు.

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ ఆర్టికల్ తమకి సంబంధించిన విషయాల్లో పిల్లలు అభిప్రాయం చెప్పే హక్కు గురించే. పిల్లల భాగస్వామ్యం మీద పనిచేసిన రీసెర్చర్ రోజర్ హార్ట్ 1992లో పిల్లలు ఎంతవరకు నిజంగా పాల్గొంటున్నారన్న దాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా గీసి చూపించాడు, కింది మూడు మెట్లలో పిల్లలు ఊరికే స్టేజి మీద కూర్చునే బొమ్మలు, అసలు పాల్గొనడం ఆ పైనుంచే మొదలవుతుంది. మన కమిటీలో ఇప్పుడు ఇద్దరు యువ సభ్యులకి ఓటు ఉంది, దీన్ని పెంచాలనే నా కోరిక.

చిన్నప్పటి కష్టాల్ని లెక్కపెట్టి ఇచ్చే స్కోర్ల గురించి జరిగిన చర్చ కాస్త వేడిగానే నడిచింది. 1998లో అమెరికా డాక్టర్లు ఫెలిటి, అండా వాళ్ళు చేసిన స్టడీ, చిన్నప్పటి హింస, నిర్లక్ష్యం, ఇంట్లో గొడవలు ఎక్కువైనకొద్దీ పెద్దయ్యాక జబ్బులు కూడా ఎక్కువవుతాయని చూపించింది, అది గొప్ప పనే. కానీ ఆ ప్రశ్నలు వేసి ఒక్కో పిల్లాడికి నంబర్ ఇచ్చి వీడి భవిష్యత్తు ఇంతే అనడం వేరు, ఆ స్కోరు జనాభాని చూడటానికే గానీ ఒక్కో మనిషిని తేల్చడానికి కాదని 2020లో అండాయే మరికొందరితో కలిసి రాశాడు. దీని పక్కనే హవాయిలో కవాయ్ దీవి స్టడీ పెట్టి చదివాం, సైకాలజిస్ట్ ఎమీ వెర్నర్ 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించింది, బాగా కష్టాల మధ్య పెరిగినవాళ్ళలో మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు, వాళ్ళ వెనక అమ్మమ్మో, టీచరో, పొరుగువాళ్ళో ఎవరో ఒక పెద్దమనిషి స్థిరంగా ఉన్నారు. అందుకే మన ఇంటర్వ్యూ గైడ్‌లో ఏం జరిగింది అన్నదానికి జతగా నీకు ఎవరు తోడున్నారు అనే ప్రశ్న కూడా చేర్చాం.

న్యూజిలాండ్‌లో 1989 చట్టంతో వచ్చిన ఫ్యామిలీ గ్రూప్ కాన్ఫరెన్స్ పద్ధతి మీద ఒక సెషన్ పెట్టాం, పిల్లల విషయంలో నిర్ణయం కుటుంబమంతా కూర్చుని తీసుకునే, అక్కడి ఆదివాసులైన మావోరీల సంప్రదాయం అందులో ఉంది. దానిమీద ఇంకా చదవాల్సింది చాలా ఉంది, వచ్చే ఏడాదికి పెట్టుకున్నాం.

వచ్చే ఏడాది పని మొదలయ్యేలోపు సభ్యులు ఒకటి చేయాలి. మీ దగ్గర ముగిసిపోయిన స్టడీలుంటే, ఫలితాలు ఆ కుటుంబాలకి చేరాయా లేదా రాసి సెక్రటరీకి ఇవ్వండి. చేరకపోతే రెండు పేజీల్లో, వాళ్ళ భాషలో, వీలైతే ఆడియోలో కూడా తయారు చేయడానికి యువ సభ్యుల టీమ్ సిద్ధంగా ఉంది, దానికయ్యే ఖర్చు అసోసియేషన్ ఫండ్ నుంచే పెట్టాలని జనరల్ బాడీ తీర్మానించింది.