చిల్లర డబ్బులతో తీసివేతలు

అమ్ములూ,

మీ పిల్లాడు 52లోంచి 27 తీసేస్తే 35 అని రాస్తున్నాడని నువ్వంత టెన్షన్ పడక్కర్లేదు. 2లో 7 పోదు, అందుకని తిప్పేసి 7లోంచి 2 తీసేస్తున్నాడు, ఆ వయసు పిల్లలు చాలామంది చేసే పనే. వర్క్‌బుక్ కాసేపు పక్కన పెట్టి చిల్లర డబ్బా తియ్యి.

రూపాయి బిళ్ళలు ఓ ఇరవై, పది రూపాయల బిళ్ళలు ఓ పది చాలు. పది రూపాయల బిళ్ళలు కొట్టువాళ్ళు తీసుకోరని మీ ఇంట్లోనూ మూలుగుతూనే ఉంటాయిగా (14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది, వినేదెవరు!). రెండు, ఐదు రూపాయల బిళ్ళలు మాత్రం కలపకు.

కాగితం మీద పదులకో గడి, ఒకట్లకో గడి గీసి 52 పెట్టించు. మిగతా చిల్లర నీ దగ్గర ఉంచుకుని 27 ఇమ్మని అడుగు. ఉన్నవి రెండే రూపాయి బిళ్ళలు, ఏడు ఎలా ఇస్తాడు? ఇక్కడ తిప్పి తీయడం కుదరదు, పది రూపాయల బిళ్ళ ఒకటి నీకిచ్చి రూపాయి బిళ్ళలు పది తీసుకోవాల్సిందే. మార్చగానే ఆపి "ఇప్పుడు మొత్తం ఎంతుంది?" అని అడుగు. ఇది మర్చిపోకు, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. నాలుగు పదులు, పన్నెండు ఒకట్లు, ఎలా లెక్కపెట్టినా అదే 52 అని వాడికి నమ్మకం కుదిరాకే 27 తియ్యమను. బిళ్ళ మార్చినప్పుడే నోటుబుక్కులో కూడా 5 కొట్టేసి 4, 2 మీద 12 వేయించు, తర్వాత వేద్దాంలే అంటే రెండింటికీ సంబంధం తెలీదు.

ఇది వచ్చాక సున్నాల లెక్క పెట్టు, 302లోంచి 147. మూడు వంద నోట్లు, రెండు రూపాయలు, పదుల గడి ఖాళీ. కాగితం మీదైతే పిల్లలు వందల్లోంచి ఒకటి తగ్గించేసి నేరుగా ఒకట్లలో 12 వేసేస్తారు, మధ్యలో తొంభై రూపాయలు మాయం! నోటు చేతిలో ఉంటే అలా జరగదు. వంద మారిస్తే పది పదులు, అందులో ఒకటి మళ్ళీ మారిస్తే పది రూపాయలు, గడిలో తొమ్మిది పదులు మిగులుతాయి. సున్నా మీద 9 ఎందుకు వేస్తారో నువ్వు చెప్పక్కర్లేదు, వాడి కళ్ళ ముందే ఉంటుంది. జవాబు 155 వచ్చాక 147 కలిపి చూసుకోమను.

బిళ్ళలు నువ్వు ముందే తీసెయ్యకు, వాడే విసుక్కుని వద్దంటాడు. వందకి రూపాయి చిల్లర కావాలంటే మీ నాన్న దగ్గర బోలెడుంది, ఆదివారం వచ్చేటప్పుడు తెస్తాం.

అమ్మ